పట్టేసిన కాళ్లకు ఫోమ్ రోలర్ ఎలా వాడాలి

ఫోమ్ రోలర్ అంటే గట్టి నురుగుతో చేసిన గుండ్రటి దిమ్మ, నేల మీద పెట్టి దాని మీద కాళ్లను దొర్లిస్తాం. రోలర్ మీద ఉన్నవాళ్ల మొహం చూస్తే చాలు, సరిగ్గా చేస్తున్నారో లేదో నాకు తెలిసిపోతుంది. పళ్లు బిగబట్టి, ఊపిరి ఆపేసి, ముందుకీ వెనక్కీ గబగబా దొర్లుతున్నారంటే ఆ కండరానికి ఒరిగేదేమీ ఉండదు. మా పరుగు బృందంలో కొత్తగా చేరినవాళ్లకు వ్యాయామం అయ్యాక కాళ్లను ఎలా చూసుకోవాలో నేర్పించేది నేనే. యాభై దాటాక కూడా పరిగెత్తగలుగుతున్నానంటే సగం కారణం ఈ శ్రద్ధేనని నా నమ్మకం. కొత్తవాళ్లు రోలర్ చేతికి తీసుకోగానే అడిగే ప్రశ్న దాదాపు ఒకటే: "అక్కా, ఎంత నొప్పి పుడితే అంత బాగా పనిచేస్తున్నట్టేనా?" కాదు. తలుపు గట్టిగా బాదేకొద్దీ లోపలివాళ్లు గడియ బిగించుకున్నట్టు, ఎంత మొరటుగా అదిమితే కండరం అంత బిగుసుకుంటుంది. నెమ్మదిగా, ఓర్చుకోగలిగినంత ఒత్తిడితో చేసినప్పుడే వదులవుతుంది.

ఎందుకలా అంటే, ముందు ఆ నొప్పి సంగతి కొంచెం తెలియాలి. వ్యాయామం చేసిన రోజు కాళ్లు బాగానే ఉంటాయి. మర్నాడు పొద్దున మంచం దిగేటప్పుడు తెలుస్తుంది అసలు విషయం. ఈ రకం నొప్పి మామూలుగా 12 నుంచి 24 గంటల్లో మొదలవుతుంది, ఒకటి నుంచి మూడు రోజుల మధ్య బాగా ముదురుతుంది, తర్వాత దానంతటదే తగ్గిపోతుంది. కాళ్లలో లాక్టిక్ ఆమ్లం పేరుకుపోయిందని, రోలర్‌తో దాన్ని పిండేయాలని చాలామంది చెబుతారు. వ్యాయామం ఆపిన గంట, గంటన్నరలోనే రక్తంలో అది మామూలు స్థాయికి వచ్చేస్తుంది కాబట్టి రెండో రోజు నొప్పికి దాన్ని తప్పుపట్టలేం. కండరం లోపల చిన్నచిన్న చిరుగులు పడటమే ఇందుకు కారణమని 1902లోనే థియోడర్ హఫ్ అనే శాస్త్రవేత్త రాశాడు. ఆ దెబ్బ, దాని తర్వాత వచ్చే వాపు, వాటివల్ల అక్కడి నాడులు సున్నితంగా మారడం, ఇవన్నీ కలిసి నొప్పిగా తెలుస్తాయని ఇప్పటి అవగాహన. కండరం సాగుతూనే బరువును ఆపాల్సిన పనుల్లో ఇది ఎక్కువ. స్క్వాట్‌లో (గుంజీలా కూర్చుని లేచే వ్యాయామం) కిందికి దిగడం, వాలు మీద కిందికి పరుగెత్తడం, మెట్లు దిగడం అలాంటివి. అందుకే ఎక్కుడు పరుగు కన్నా దిగుడు పరుగు మర్నాడు తొడలను ఎక్కువ సలుపుతుంది.

చిరిగిన పోగులను రోలర్ అతికించలేదు. కండరంలో పడ్డ ముడులను రోలర్ పగలగొడుతుందని కొందరు అంటారు, అలాంటిదీ ఏమీ జరగదు. తొడ బయటివైపు ఉండే దళసరి పొరను ఒక్క శాతం నొక్కాలన్నా మామూలు మనిషి పెట్టలేనంత బలం కావాలని 2008లో లెక్కగట్టి చూపించారు. మరి హాయిగా ఎందుకుంటుంది? ఒక పిక్క మీద రోలింగ్ చేస్తే రెండో కాలి పిక్క కూడా నొప్పిని ఎక్కువ తట్టుకున్నట్టు పరిశోధనల్లో కనిపించింది. అంటే పని ఎక్కువగా జరిగేది నాడీవ్యవస్థలోనే. ఒత్తిడి మెల్లగా, నిలకడగా అందితే నాడులు నెమ్మదిస్తాయి, కండరం బిగువు సడలిస్తుంది. బలవంతం చేస్తే ఏమవుతుందో పైన చెప్పాను.

2015లో వచ్చిన ఒక అధ్యయనంలో పదేసి చొప్పున పది సెట్లు స్క్వాట్లు చేయించి, అయిన వెంటనే ఒకసారి, 24 గంటలకు ఒకసారి, 48 గంటలకు ఒకసారి, ఒక్కోసారి 20 నిమిషాలు రోలర్ వాడించారు. వాడనప్పటికన్నా తొడల నొప్పి తక్కువగా ఉంది, పరుగు వేగం, దూకే సత్తా తక్కువగా దెబ్బతిన్నాయి. పాల్గొన్నది ఎనిమిది మందే కాబట్టి దీన్ని పెద్ద రుజువుగా చూపించను. తర్వాత అనేక అధ్యయనాలను కలిపి చూసినవాళ్లు కూడా లాభం ఉంది గానీ చిన్నదే అన్నారు. ఆ చిన్న లాభమే మర్నాడు కుంటుతూ తిరగడానికీ మామూలుగా నడవడానికీ మధ్య తేడా అవుతుంది. అందుకే నేర్పిస్తున్నాను.

ఎవరు వాడకూడదు

ఇది మా బృందంలో మొదటిరోజే చెప్తాను, ఇక్కడా ముందే చెప్పేస్తాను. ఒక్క కాలు మాత్రమే వాచి, వేడిగా, ఎర్రగా ఉండి, పిక్క నొప్పి పెడుతుంటే రోలర్ జోలికి పోవద్దు. లోపలి సిరలో రక్తం గడ్డకట్టి ఉండొచ్చు. అదే రోజు డాక్టరుకు చూపించుకోవాలి. దాంతోపాటు ఆయాసం, ఛాతీ నొప్పి ఉంటే అది అత్యవసరం. పరిగెడుతుండగా కండరం 'టప్'మని పట్టేసి అప్పటికప్పుడే నొప్పి పుట్టినా, కాలు కమిలి నీలంగా మారినా అది మామూలు ఒళ్లు నొప్పి కాదు, కండరం చిరిగి ఉండొచ్చు. మూత్రం ముదురు గోధుమ రంగులో వస్తూ కండరాలు విపరీతంగా నొప్పి పెడుతుంటే ఒక్క పూట కూడా ఆగకుండా ఆసుపత్రికి వెళ్లాలి. దెబ్బతిన్న కండరం నుంచి విడుదలైన పదార్థాలు మూత్రపిండాలను పాడుచేస్తాయి.

రక్తం పలచబడే మందులు వాడేవాళ్లు, ఉబ్బిన సిరలు ఉన్నవాళ్లు, ఎముకలు గుల్లబారినవాళ్లు, మధుమేహం వల్ల కాళ్లలో స్పర్శ తగ్గినవాళ్లు, గర్భిణులు ముందు డాక్టరును అడగాలి. స్పర్శ తగ్గినవాళ్ల గురించి మరీ గట్టిగా చెప్తాను. ఎంత నొక్కుతున్నామో చెప్పేది నొప్పే. అది తెలియనప్పుడు హద్దు ఎక్కడో కూడా తెలియదు.

ఎలాంటి రోలర్

సుమారు 15 సెంటీమీటర్ల వ్యాసం ఉన్నవి ఎక్కువగా దొరుకుతాయి. పొడవు 30 నుంచి 90 సెంటీమీటర్ల దాకా ఉంటుంది. కాళ్లకు 45 సెంటీమీటర్లది చక్కగా సరిపోతుంది, సంచిలో కూడా పడుతుంది. మొదటిసారి కొనేవాళ్లు నున్నగా, మధ్యస్థంగా మెత్తగా ఉన్నదే తీసుకోండి. బొటనవేలితో గట్టిగా నొక్కితే కాస్త లోపలికి దిగి, వేలు తీయగానే తిరిగి లేవాలి. అసలు దిగకపోతే కొత్తవాళ్లకు అది గట్టి. నొక్కిన చోటే గుంట మిగిలిపోతే అది ఎక్కువ కాలం మన్నదు. పళ్లలాగా బుడిపెలు తేలిన రోలర్లు చూడటానికి ఆకర్షణగా ఉంటాయి గానీ, నొప్పిగా ఉన్న కాళ్లకు వాటిని నేను ఇవ్వను. రోలర్ ఇంకా కొనకపోతే దళసరి తువ్వాలును బిగించి చుట్టి పిక్కల కింద పెట్టుకోవచ్చు. నేల జారకుండా కింద మ్యాట్ ఉండాలి. వదులు బట్టలు రోలర్ కింద ముడతలు పడి చర్మాన్ని ఒరుస్తాయి, ఒంటికి అంటుకునే ప్యాంటు అయితే మేలు.

వేగం, ఒత్తిడి, ఊపిరి

సెకనుకు రెండు మూడు సెంటీమీటర్లు, అంతకుమించి వద్దు. పిక్క అడుగు నుంచి పైదాకా పోవడానికి పది సెకన్లు పట్టాలి. చూసేవాళ్లకు మీరు కదలనట్టే అనిపించాలి. నొప్పిని పదికి కొలిస్తే ఐదు, ఆరు దగ్గర ఆగండి. ఏడు దాటిందంటే మీకు తెలియకుండానే కాలు బిగుస్తుంది, ఊపిరి ఆగుతుంది. ఊపిరే నా కొలత. ముక్కుతో నెమ్మదిగా తీసుకుని, అంతకన్నా నెమ్మదిగా వదలగలుగుతున్నారా? అయితే ఒత్తిడి సరిగ్గా ఉన్నట్టే. వదల్లేకపోతే చేతుల మీదికో రెండో కాలి మీదికో కాస్త బరువు మార్చుకోండి.

బాగా నొప్పిగా ఉన్న చోటు తగిలితే అక్కడ ముందుకూ వెనక్కూ రుద్దకండి. ఆగిపోండి. 20, 30 సెకన్లు అలాగే ఉండి నాలుగైదు ఊపిర్లు వదలండి. నొప్పి తగ్గుతున్నట్టు తెలిస్తే ముందుకు కదలండి. తగ్గకపోతే వదిలేసి పక్కకు వెళ్లండి, మర్నాడు చూడొచ్చు. ఒక్కో కండరానికి 45 సెకన్ల నుంచి ఒక నిమిషం చాలు, రెండు నిమిషాలు మించక్కర్లేదు. ఎక్కువసేపు చేస్తే చర్మం కమలడం తప్ప అదనంగా వచ్చేది లేదు.

కొన్నిచోట్ల రోలర్ అసలు పెట్టకూడదు. మోకాలి వెనక మడతలో రక్తనాళాలు, నరాలు పైపైనే ఉంటాయి. మోకాలి బయటివైపు కాస్త కిందుగా చేతికి తగిలే బుడిపె పక్కనుంచి ఒక నరం చర్మానికి బాగా దగ్గరగా పోతుంది, దాన్ని నొక్కితే పాదం పైభాగం తిమ్మిరెక్కుతుంది. గజ్జల లోపల, మోకాలి చిప్ప మీద, ముంగాలి ఎముక (మోకాలి కింద కాలి ముందువైపు ఎముక) మీద, తుంటి పక్కన పొడుచుకొచ్చిన ఎముక మీద కూడా వద్దు. ఎక్కడైనా సరే, కరెంటు పాకినట్టు గానీ తిమ్మిరిగా గానీ అనిపించిన క్షణంలో ఆపేయాలి.

పిక్కలు

నేను ఎవరికైనా ఇక్కడినుంచే మొదలుపెట్టిస్తాను. బరువు తక్కువ పడుతుంది కాబట్టి ఒత్తిడిని అదుపు చేయడం ఇక్కడ తేలిగ్గా అలవడుతుంది.

నేల మీద కూర్చుని, కుడి కాలు చాపి, చీలమండకు నాలుగు వేళ్లు పైన రోలర్ పెట్టండి. ఎడమ మోకాలు మడిచి పాదం నేలకు ఆనించండి. చేతులు వెనక్కి ఆన్చండి. మొదట్లో పిరుదులు పైకెత్తకండి, కాలి బరువే సరిపోతుంది. శరీరాన్ని కొద్దికొద్దిగా ముందుకు జరుపుతూ రోలర్‌ను పైకి పోనివ్వండి. మోకాలి మడతకు నాలుగు వేళ్లు కిందే ఆపండి. అలా ఒకసారి నిటారుగా, ఒకసారి పాదం లోపలికి తిప్పి, ఒకసారి బయటికి తిప్పి వెళ్లండి. పిక్కలో కండరానికి రెండు తలలు ఉంటాయి. పాదం నిటారుగా పెట్టి మాత్రమే చేసేవాళ్లకు లోపలివైపు తల అందకుండా పోతుంది, చాలామంది పరుగు మనుషులకు నొప్పి దాచుకునేది అక్కడే.

నొప్పి చోటు దొరికి ఆగినప్పుడు పాదాన్ని మెల్లగా మీ వైపు లాగి, మళ్లీ ముందుకు చాపండి. ఐదారుసార్లు చేస్తే చాలు. రోలర్ కదలకుండా కండరమే దాని మీద కదులుతుంది, గబగబా రుద్దడం కన్నా ఇది ఎన్నో రెట్లు హాయిగా ఉంటుంది. ఒత్తిడి ఇంకా కావాలనిపిస్తే ఎడమ కాలును కుడి కాలి మీద వేయండి. పిరుదులు లేపడం ఆ తర్వాతి మాట. మడమ వెనకాల తాడులా ఉండే స్నాయువును మాత్రం నొక్కకండి. అక్కడ నొప్పి ఉంటే కారణం వేరు, దానికి రోలర్ మందు కాదు.

మా బృందంలో ఒకావిడకు మణికట్లు బలహీనం, చేతుల మీద ఆనుకోలేదు. ఆమె వెల్లకిలా పడుకుని రెండు పిక్కలూ రోలర్ మీద వేసి, పాదాలను అటూ ఇటూ మెల్లగా వాల్చుతుంది. ముందుకూ వెనక్కూ జరగదు, అయినా లేచేసరికి నడక మారుతుంది. అలసిపోయిన రోజుల్లో ఇప్పుడు నేను చేసేదీ అదే.

తొడ ముందు భాగం

స్క్వాట్లు, దిగుడు పరుగు చేసిన మర్నాడు అందరికన్నా ఎక్కువ మొరపెట్టేది ఇదే. బోర్లా పడుకుని, మోచేతుల మీద ఆని, ఒక తొడ కింద రోలర్ పెట్టండి. రెండో కాలిని పక్కకు మడిచి దాని మోకాలితో నేల మీద కాస్త బరువు ఆపండి. రెండు తొడలూ ఒకేసారి వేసినా తప్పులేదు, ఒత్తిడి పంచుకుంటాయి. నడుము కిందికి కుంగనివ్వకండి. పొట్ట కాస్త బిగించి ఉంచితే నడుము దానంతటదే నిలబడుతుంది. ఈ భంగిమలో నడుము నొప్పి పుడుతోందంటే రోలర్‌ది కాదు, పొట్ట వదిలేశారన్నమాట.

తొడను మూడు భాగాలుగా అనుకోండి. మోకాలి చిప్పకు నాలుగు వేళ్ల పైన మొదలుపెట్టి, ఒక భాగంలో నాలుగైదు నెమ్మది రాకపోకలు అయ్యాక తర్వాతి భాగానికి వెళ్లండి. మొత్తం తొడను ఒకే దెబ్బలో దొర్లించేస్తే ఏ చోటా సరిగ్గా అందదు. నొప్పి చోట ఆగి, మడమను పిరుదు వైపు తెచ్చి నెమ్మదిగా కిందికి దించండి. కాలు మడిచినప్పుడు కండరం సాగుతుంది కాబట్టి నొప్పి ఒక మెట్టు పెరుగుతుంది, అందుకే మడవకముందు నాలుగుకు మించకుండా చూసుకోండి. పైన తుంటి ఎముక మొన తగలగానే ఆగిపోవాలి.

మోచేతుల మీద ఆనుకోలేనివాళ్లు కుర్చీలో కూర్చుని, చేతులతో పట్టుకుని తొడ మీద ఆడించే మసాజ్ కర్ర వాడుకోవచ్చు. వేగం, ఊపిరి నియమాలు అవే.

తొడ బయటివైపు

దీని గురించి కాస్త ఎక్కువే చెప్పాలి, ఎందుకంటే జనం ఎక్కువ బాధపడేది ఇక్కడే. తుంటి నుంచి మోకాలి కిందిదాకా తొడ బయటివైపు ఐటీ బ్యాండ్ అనే గట్టి పట్టీ ఉంటుంది. కండరం కాదది. పక్కకు పడుకుని ఒంటి బరువంతా దాని మీద వేస్తే పట్టీకీ ఎముకకూ మధ్య మెత్తటి భాగాలు నలిగి కళ్లలో నీళ్లు తిరుగుతాయి. పట్టీ మాత్రం పొడవు పెరగదు. పైన చెప్పిన 2008 లెక్క ఇలాంటి పొర గురించే.

ఆ పట్టీని లాగి పట్టుకునే కండరాల మీద పనిచేయడమే మేలు. ముందు జేబు ఉండే చోట, తుంటి ఎముక మొనకు కాస్త కిందుగా, పక్కగా చిన్న కండరం ఒకటి ఉంటుంది. బోర్లా పడుకుని శరీరాన్ని కొంచెం పక్కకు వాల్చి అక్కడ రోలర్ ఆనించండి, దాదాపు కదలకుండా అరనిమిషం ఉండండి. తర్వాత పిరుదుల వైపు వెళ్లండి. రోలర్ మీద కూర్చుని, ఒక చీలమండను రెండో మోకాలి మీద వేసి, మడిచిన కాలి వైపు వాలితే పిరుదు కండరం చక్కగా అందుతుంది. ఇది చాలామందికి ఇష్టమైన చోటు, పెద్దగా చెప్పక్కర్లేదు. చివరికి తొడ ముందుకూ పక్కకూ మధ్య ఉన్న కండరం మీద, బోర్లా భంగిమలోనే కాస్త వాలి ఒక నిమిషం. ఈ మూడూ చేశాక తొడ బయటివైపు బిగువు తగ్గుతుంది, అంత ఏడుపూ అక్కర్లేకుండా.

మిగిలినవి

తొడ వెనక కండరాలకు రోలర్ అంతగా కుదరదు. రెండు చేతులూ వెనక్కి ఆనించి ఒంటిని లేపి ఉంచాలి, అయినా ఒత్తిడి చాలదు. గట్టి కుర్చీలో కూర్చుని తొడ కింద టెన్నిస్ బంతి పెట్టుకుని, మోకాలును నెమ్మదిగా చాపి మడవడమే నా సలహా. మోకాలి మడత దగ్గరికి బంతి రాకుండా చూసుకోవాలి. తొడ లోపలివైపుకు బోర్లా పడుకుని మోకాలును పక్కకు తెచ్చి, రోలర్‌ను ఒంటికి సమాంతరంగా పెట్టాలి. ఇక్కడ చర్మం పలచన, నొప్పి తొందరగా తెలుస్తుంది, తేలిగ్గా అరనిమిషం చాలు, గజ్జల దాకా పోవద్దు.

ఎప్పుడు, ఎన్నిసార్లు

వ్యాయామం అయ్యాక ఐదు నిమిషాలు నడిచి, ఊపిరి కుదుటపడ్డాక మొదటిసారి. మర్నాడు, మూడో రోజు ఒక్కోసారి. రెండో రోజు కాళ్లు బాగా సున్నితంగా ఉంటాయి కాబట్టి ఒత్తిడి సగానికి తగ్గించండి. మొదలుపెట్టేముందు ఒకసారి సగం దాకా కూర్చుని లేచి చూడండి, లేదా ఒక మెట్టు దిగండి. అయ్యాక అదే మళ్లీ చేయండి. తేడా తెలిస్తే మీ పద్ధతి సరైనదే. ఆ తేడా ఎక్కువసేపు నిలవదు, అందుకే లేవగానే పది నిమిషాలు నడవమంటాను. వదులైన కాళ్లతో నడవడమే ఆ ఉపశమనానికి సరైన వాడకం. లోపల బాగుపడే పని నిద్రలో, తిండిలో, గడిచే రోజుల్లో జరుగుతుంది. అదే వ్యాయామం వారం పది రోజుల తర్వాత మళ్లీ చేస్తే నొప్పి తక్కువగా వస్తుంది, శరీరం అలవాటు పడుతుంది. కాబట్టి మొదటి వారం నొప్పి చూసి వ్యాయామం మానేయకండి. బరువో దూరమో తగ్గించుకోండి చాలు.

వ్యాయామానికి ముందు కూడా ఒక్కో కండరానికి అరనిమిషం చేయొచ్చు. కీళ్లు కాస్త సులువుగా కదులుతాయి, బలం తగ్గదు. అలాగని దాన్ని వార్మప్‌కు బదులుగా పెట్టుకోకండి, ఒళ్లు వేడెక్కాలంటే కదలాల్సిందే.

వారం దాటినా నొప్పి తగ్గకపోయినా, ఒకే బిందువులో వేలితో చూపించగలిగేలా ఉన్నా, ముఖ్యంగా ముంగాలి ఎముక మీద అలా ఉన్నా రోలర్ పక్కన పెట్టి ఫిజియోథెరపిస్టును కలవండి. ఎముకలో సన్నటి పగులు అయ్యే అవకాశం ఉంది.

తీరిక లేని రోజు ఐదు నిమిషాలే ఉంటే రెండు పిక్కలకూ చెరో నిమిషం, రెండు తొడల ముందు భాగానికీ చెరో నిమిషం, ఆ రోజు ఎక్కువ సలుపుతున్న చోటికి మిగిలిన నిమిషం ఇవ్వండి. అన్నీ ముగించాలని తొందరపడి వేగం పెంచేకన్నా ఒక కండరం వదిలేయడమే మంచిది.